ఫైర్‌ప్లేస్ పక్కన చలి: గాలి వచ్చే దారి దొరికాకే మూయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. షికాగో దగ్గర నేపర్‌విల్‌లో 2001లో కట్టిన ఇల్లు. ఫ్యామిలీ రూమ్‌లో బయటి గోడకు ఫైర్‌ప్లేస్ ఉంది. కట్టెల కోసం పెట్టినదే కానీ, పాత ఓనర్లు అందులో గ్యాస్ లాగ్స్ (గ్యాస్‌తో మండే ఉత్తుత్తి కట్టెలు) బిగించారు. చలికాలంలో ఆ పక్క సోఫాలో కూర్చోలేకపోతున్నారు, అక్కడ నేల మీద కాలు పెట్టలేకపోతున్నారు. ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మగారు, నాన్నగారు శాలువాలు కప్పుకుని గదికి అవతలి చివర కూర్చుంటున్నారు. వంటింట్లో హుడ్ (స్టవ్ మీది పొగని బయటికి లాగే ఫ్యాన్) వేస్తే ఫైర్‌ప్లేస్‌లోంచి మసి వాసన వస్తోంది. గ్లాస్ డోర్లు కొనాలా, చిమ్నీలో గాలి ఊది పెట్టే బెలూన్ కొనాలా, కాంట్రాక్టర్ చెప్పినట్టు చుట్టూ స్ప్రే ఫోమ్ కొట్టించాలా అని అడిగారు.

బెలూన్ వద్దు. ఫోమ్ అసలే వద్దు. గ్లాస్ డోర్లు కొంతవరకు పనికొస్తాయి గానీ, మీరు చెప్పిన లక్షణాలు చూస్తే చలిలో ఎక్కువ భాగం పొయ్యి నోట్లోంచి రావడం లేదనిపిస్తోంది. షికాగో శివార్లలో ఇళ్ళ ఎనర్జీ ఆడిట్లు చేయడం, అంటే వేడి ఎక్కడ వృథా అవుతోందో వెతకడం నా పని. మీ ఇంటి వయసున్న ఇళ్ళలో ఈ ఫిర్యాదు చాలా మామూలు. దాదాపు అందరూ ముందు తలుపులు కొని, ఆ తర్వాతే అసలు దారి వెతుకుతారు. మీరు దాన్ని తిరగేయండి.

ముందు ఈ గాలి ఎందుకు కదులుతుందో చెప్తాను, అది తెలిస్తే మిగతాదంతా మీకే తోస్తుంది. వెచ్చటి గాలి తేలిక, చల్లటి గాలి బరువు. బయట 14 డిగ్రీల ఫారన్‌హీట్, లోపల 68 ఉన్న రోజున, 26 అడుగుల ఎత్తున్న వెచ్చటి గాలి నిలువుకి అడుగుకీ పైకీ మధ్య సుమారు 10 పాస్కల్స్ ఒత్తిడి తేడా ఉంటుంది. మేం ఆడిట్‌లో తలుపుకి పెద్ద ఫ్యాన్ బిగించి చేసే బ్లోవర్ డోర్ టెస్టులో 50 పాస్కల్స్ పెడతాం. అందులో అయిదో వంతు మీ ఇంట్లో ఏ ఫ్యానూ లేకుండానే, జనవరి రాత్రంతా పనిచేస్తూ ఉంటుందన్నమాట. చిమ్నీ ఇంటి మధ్యలోంచి పోతే వెచ్చగా ఉండి గదిలో గాలిని పైకి లాగేస్తుంది. మీ ఇంట్లోలా బయటి గోడకు ఉంటే చిమ్నీయే చల్లబడిపోతుంది. అప్పుడు రెండంతస్తుల వెచ్చటి ఇల్లే అసలు చిమ్నీ అవుతుంది. ఆటిక్‌లో (కప్పు కింది అటకలో) ఉన్న సందుల్లోంచి వెచ్చటి గాలి పైకి పోతుంటే, దానికి బదులు గాలి కింద దొరికిన కన్నంలోంచి లోపలికి వస్తుంది. మీ ఫైర్‌ప్లేస్ అలాంటి కన్నం. అందుకే ఆటిక్ తలుపు చుట్టూ, సీలింగ్ లైట్ల చుట్టూ, పైపులు పైకి వెళ్ళే చోట్ల సందులు మూస్తే కింద సోఫా దగ్గర చలి తగ్గుతుంది. నమ్మశక్యంగా ఉండదు గానీ నిజం.

ఇక గ్యాస్ లాగ్స్ సంగతి. కట్టెల ఫైర్‌ప్లేస్‌లో గ్యాస్ లాగ్స్ పెడితే డ్యాంపర్ (చిమ్నీని మూసే పలక) పూర్తిగా మూసుకోకుండా ఒక క్లాంప్ బిగిస్తారు, లేదా ఆ పలకనే తీసేస్తారు. మంటలోంచి, పైలట్‌లోంచి (అంటించడానికి ఉండే చిన్న మంటలోంచి) వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రాకూడదని. అంటే మీ చిమ్నీ ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. 8 అంగుళాల గొట్టమైతే అది 50 చదరపు అంగుళాల కన్నం. చలి వేస్తోందని ఆ క్లాంప్ తీసి డ్యాంపర్ మూసేవాళ్ళున్నారు, దయచేసి మీరు ఆ పని చేయకండి. బెలూన్ పెట్టినా అదే ప్రమాదం. పైలట్ ఆర్పేశాం కదా అనుకున్నా, రేపు ఇంటికొచ్చిన చుట్టమో పిల్లాడో స్విచ్ నొక్కితే ఏమవుతుందో ఆలోచించండి. బెలూన్, ఉన్నిదిమ్మె లాంటివన్నీ కట్టెల పొయ్యిలకే, అదీ మంట లేని రోజుల్లోనే.

ఇప్పుడు దారి వెతకడం. దీనికి మన ఇళ్ళలో ఉండే అగరుబత్తికి మించిన పరికరం లేదు. బాగా చలిగా ఉన్న రోజు, గాలి వీస్తుంటే మరీ మంచిది. ముందు ఫైర్‌ప్లేస్ పైలట్ ఆర్పండి. ఫర్నెస్ (ఇంటిని వేడి చేసే యంత్రం) ఆపండి. గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే దాని నాబ్‌ని పైలట్ మీద పెట్టండి, టెస్టు జరుగుతుండగా అది వెలగకూడదు. కిటికీలన్నీ మూసి, బాత్‌రూమ్ ఫ్యాన్లు, బట్టల డ్రయర్, వంటింటి హుడ్ అన్నీ వేయండి. ఇల్లు గాలిని గట్టిగా లోపలికి లాగడం మొదలుపెడుతుంది. గ్యాస్ వాసన ఏ కొంచెం వచ్చినా అగరుబత్తి జోలికి పోవద్దు, బయటికెళ్ళి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి.

బత్తిని గోడకు అంగుళం దూరంలో పట్టుకుని నెమ్మదిగా కదపండి. పొగ నిటారుగా లేస్తుంటే అక్కడేమీ లేదు. ఒక్కసారిగా అడ్డంగా వంగి గదిలోకి పరుగెడితే అదే దారి, అక్కడ మాస్కింగ్ టేపు ముక్క అంటించి ముందుకెళ్ళండి. ఇనుప ముఖానికీ టైల్స్‌కీ మధ్య గీత మొత్తం చూడండి, ముఖ్యంగా పై రెండు మూలలు. టైల్స్ డ్రైవాల్‌ని (గోడకు బిగించే జిప్సం పలకని) కలిసే చోటు, ఫైర్‌ప్లేస్ పైనుండే మ్యాంటెల్ చెక్క అడుగు, ముందు నేల మీద ఉండే హార్త్ రాయి నేలను కలిసే గీత, రెండు పక్కలా గోడ అడుగున ఉండే బేస్‌బోర్డు, దగ్గర్లో ఉన్న ప్లగ్ పాయింట్లు. ఫైర్‌ప్లేస్ పైన టీవీ ఉంటే దాని వెనక వైర్ల కోసం కోసిన కన్నం తప్పకుండా చూడండి. మన వాళ్ళ ఇళ్ళలో సగానికి సగం టీవీ అక్కడే ఉంటుంది, ఆ కన్నం చాలాసార్లు నేరుగా బయటి గూట్లోకి తెరుచుకుని ఉంటుంది. చివరికి ఫైర్‌బాక్స్ (మంట వెలిగే పెట్టె) లోపల పట్టుకోండి. టెస్టు అయ్యాక ఫర్నెస్, వాటర్ హీటర్ మళ్ళీ మామూలుగా పెట్టడం మరిచిపోవద్దు.

నా అంచనా ఏమిటంటే, మీకు లోపలి కన్నా చుట్టుపక్కల అంచుల దగ్గరే పొగ ఎక్కువ వంగుతుంది. ఎందుకో చెప్తాను.

మీ ఇంటి బయటికి వెళ్ళి ఫైర్‌ప్లేస్ వెనక వైపు చూడండి. సైడింగ్‌తో (బయటి గోడల మీద వేసే పలకలతో) కప్పిన పెట్టెలాంటి భాగం గోడలోంచి రెండడుగులు ముందుకొచ్చి, కప్పుదాకా నిలువుగా పోతుంది కదా, దాన్ని చేజ్ అంటారు. మీది ఇటుకల ఫైర్‌ప్లేస్ కాదు. ఫ్యాక్టరీలో చేసిన రేకుపెట్టెని ఆ చేజ్‌లో కూర్చోబెట్టి, పైన రేకు గొట్టం పెట్టి, ముందు టైల్స్ అంటించారు. చాలామంది బిల్డర్లు ఈ చేజ్‌ని ఇంట్లో భాగంగా చూడరు. గోడల్లో ఇన్సులేషన్ ఉండదు, ఉన్నా దాని మీద డ్రైవాల్ ఉండదు. కొన్నేళ్ళకి ఫైబర్‌గ్లాస్ జారి అడుక్కి పడిపోతుంది. చేజ్ నేల బయటికి వేలాడుతూ ఉంటే దాని అడుగున పలచటి ప్లాస్టిక్ ప్యానెల్ ఒక్కటే ఉంటుంది. పైన ఆటిక్ దగ్గర అడ్డు ఉండదు. బయటి చలిగాలి కింది సందుల్లోంచి చేజ్‌లోకి వస్తుంది, రేకుపెట్టె చుట్టూ తిరుగుతుంది, టైల్స్ వెనక సందులోంచి మీ సోఫా వైపుకి వస్తుంది. అక్కణ్ణించే నేల కింద జాయిస్టుల (నేలను మోసే దూలాల) మధ్యకీ దూరుతుంది. మీ నేల చల్లగా ఉండడానికి కారణం చాలావరకు అదే. ఇలాంటి చేజ్ తెరిస్తే పసుపో గులాబీయో ఉండాల్సిన ఫైబర్‌గ్లాస్ బూడిదరంగుకి, కొన్నిచోట్ల నల్లగా మారి కనిపిస్తుంది. అది బూజు కాదు, ఏళ్ళ తరబడి దానిలోంచి గాలి పారి వదిలిన దుమ్ము. ఎక్కడ నల్లగా ఉందో అక్కడే సందు ఉందని గుర్తు.

దీన్ని సరిగ్గా చేయాలంటే చేజ్‌ని ఇంట్లో భాగంగా మార్చాలి. వాతావరణం బాగున్న రోజుల్లో ఒక పక్క సైడింగ్, దాని కింది బోర్డు విప్పించి లోపలికి వెళ్తారు. మూడు బయటి గోడల్లో రాక్‌వూల్ (రాతితో చేసిన ఉన్నిలాంటి ఇన్సులేషన్) నింపి, దాని మీద డ్రైవాల్ గానీ బోర్డు గానీ బిగించి జాయింట్లు మూస్తారు. ఇన్సులేషన్ ఊడి రేకుపెట్టె మీద పడకూడదు, అందుకే ఆ కవరు తప్పనిసరి. అడుగున వేలాడే నేలనీ అలాగే నింపి మూస్తారు. పైన సీలింగ్ ఎత్తులో రేకుతో అడ్డుపలక వేసి, గొట్టం దాటే చోట ఆ ఫైర్‌ప్లేస్ కంపెనీ ఇచ్చే ఫైర్‌స్టాప్ రింగు (మంట పైకి పాకకుండా ఆపేది) పెట్టి, అంచుల్ని వేడికి తట్టుకునే సీలెంట్‌తో మూస్తారు. ఇక్కడ రాజీ పడకూడనిది ఒక్కటే: రేకుపెట్టెకీ, గొట్టానికీ చుట్టూ వదలమన్న ఖాళీ ఖాళీగానే ఉండాలి. గొట్టానికి సాధారణంగా 2 అంగుళాలు, ఖచ్చితమైన కొలత మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ ఖాళీలో రాక్‌వూల్ కూడా కుక్కకూడదు. రాక్‌వూల్ మండదు, నిజమే. కానీ అది వేడిని బయటికి పోనివ్వదు, పక్కనున్న చెక్క ఏళ్ళ తరబడి ఎండి ఎండి తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది. స్ప్రే ఫోమ్ అసలే వద్దన్నది కూడా ఇందుకే. పైగా అది తనే మండుతుంది. నారింజ రంగు డబ్బాలో ఫైర్‌బ్లాక్ అని అమ్మే ఫోమ్ కూడా పైపులు, వైర్లు చెక్కని దాటే చోట వాడేది, ఫైర్‌ప్లేస్ పక్కన పెట్టేది కాదు. ఆ కాంట్రాక్టర్ ఇతర పనుల్లో ఎంత మంచివాడైనా, దీనికి మాత్రం ఒప్పుకోకండి.

చేజ్ పని వేసవిదాకా ఆగుతుంది. ఈ చలికాలానికి మీరే చేసుకోగలిగినవి కొన్నున్నాయి. మ్యాంటెల్‌కీ గోడకీ మధ్య, టైల్స్‌కీ డ్రైవాల్‌కీ మధ్య, బేస్‌బోర్డు వెంట మామూలు పెయింటర్స్ కాల్క్ (సందులు పూడ్చే పేస్టు) చాలు. ఇనుప ముఖానికీ టైల్స్‌కీ మధ్య గీతకి వేడికి తట్టుకునే సిలికోన్ కావాలి, ఎరుపు రంగులో దొరుకుతుంది, 500 డిగ్రీల ఫారన్‌హీట్ పైన తట్టుకునేది చూసి తీసుకోండి. ఫైర్‌బాక్స్ లోపలి పగుళ్ళకి రిఫ్రాక్టరీ సిమెంటు, అది 2000 డిగ్రీల వేడిని తట్టుకునేది. గ్యాస్ పైపు ఫైర్‌బాక్స్‌లోకి వచ్చే కన్నం చుట్టూ తరచు వేలు పట్టేంత ఖాళీ వదిలేస్తారు, అక్కడ మండని ఇన్సులేషన్ పెట్టమని మాన్యువల్సే చెప్తాయి. టీవీ వెనక కన్నానికి మూత ప్లేటు వేయండి. ప్లగ్ పాయింట్ల కవర్ల వెనక నురుగు గాస్కెట్లు పెట్టండి. ఫైర్‌బాక్స్ పక్కన చిన్న పిడి ఉందేమో చూడండి, మంటకి బయటిగాలి తెచ్చే 4 అంగుళాల గొట్టానిది. చాలా ఇళ్ళలో అది తెరిచి ఉన్నట్టు ఎవరికీ తెలియదు. మంట లేనప్పుడు మూసెయ్యండి.

ఒకటి గుర్తుంచుకోండి. ఇనుప ముఖం మీద పైనా కిందా ఉండే జాలీలు మూయకూడదు. అక్కణ్ణించి చల్లగా తగులుతుంది కాబట్టి చాలామంది టేపు వేసేస్తారు. మంట వెలిగినప్పుడు పెట్టెని చల్లబరిచేది ఆ గాలే.

బేస్‌మెంట్ సీలింగ్ తెరిచి ఉంటే ఫైర్‌ప్లేస్ కింది భాగానికి వెళ్ళి పైకి చూడండి. జాయిస్టుల మధ్య ఖాళీ బయటి వైపుకి చీకటిగా సాగిపోతుంటే అందులో రాక్‌వూల్ బిగుతుగా పెట్టి, ఇవతల ప్లైవుడ్ ముక్క కోసి బిగించి అంచులకి కాల్క్ కొట్టండి. ఒక శనివారం మధ్యాహ్నం పని. ఆ వారంలోనే నేలలో తేడా తెలుస్తుంది. మీ అమ్మగారు, నాన్నగారు ఉండగానే ముందు ఇది చేయండి.

హుడ్ వేస్తే మసి వాసన రావడం గురించి మీరు చివర్లో ఒక్క ముక్క రాశారు. నాకు మాత్రం మీ ప్రశ్న మొత్తంలో ఎక్కువ ఆందోళన కలిగించింది అదే. పోపు ఘాటు ఇల్లంతా పట్టకూడదని మన వాళ్ళు 900, 1200 సీఎఫ్ఎం హుడ్లు పెట్టించుకుంటారు. నిమిషానికి 900 ఘనపుటడుగుల గాలి బయటికి తోస్తే, అంతే గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి. మీ ఇంట్లో ఎప్పుడూ తెరిచి ఉండే పెద్ద దారి చిమ్నీ. అందుకే అది తిరగబడి, మసి మీదుగా కిందికి ఊదుతోంది. ఆ క్షణంలో గ్యాస్ లాగ్స్ వెలుగుతూ ఉంటే వాటి పొగ కూడా గదిలోకే వస్తుంది. బేస్‌మెంట్‌లో పాత తరహా గ్యాస్ వాటర్ హీటర్, అంటే పైన గొట్టానికీ ట్యాంకుకీ మధ్య గొడుగులాంటి ఖాళీ ఉండే రకం ఉంటే, దాని పొగా వెనక్కి మళ్ళొచ్చు. అమెరికా ఇళ్ళ కోడ్‌లో 400 సీఎఫ్ఎం దాటిన హుడ్లకి బయటి నుంచి గాలి తెచ్చే ఏర్పాటు అడిగేది ఇలాంటి ఇళ్ళ కోసమే. మీరు ఈ రోజు నుంచే హుడ్ వేసే ముందు వంటింటి కిటికీ రెండంగుళాలు తెరవండి. మంట వెలుగుతుండగా హుడ్ పెద్ద స్పీడులో వేయొద్దు. శాశ్వతంగానైతే హుడ్‌తో పాటు తెరుచుకుని బయటి గాలిని లోపలికి తెచ్చే మేకప్ ఎయిర్ డ్యాంపర్ పెట్టించాలి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? ఇల్లినాయ్ చట్టం ప్రకారం ప్రతి పడకగదికీ 15 అడుగుల లోపు ఉండాలి. పెద్దవాళ్ళు కింది గదిలో పడుకుంటుంటే అక్కడా ఉందో లేదో ఇవాళే చూడండి. వెనక తయారీ తేదీ ఉంటుంది, గడువు దాటితే మార్చండి. సందులు మూస్తూ పోయే కొద్దీ ఇల్లు బిగుతవుతుంది, ఆ చిమ్నీ తిరగబడే అవకాశం పెరుగుతుంది కూడా. అందుకే సందులు మూసే పెద్ద పని అయ్యాక కంబశ్చన్ సేఫ్టీ టెస్టు (పొగ ఇంట్లోకి వెనక్కి మళ్ళుతోందేమో చూసే పరీక్ష) చేయమని అడగాలి. చేయడం తెలియని వాళ్ళకి ఆ పని ఇవ్వకండి.

ఇప్పుడు పెట్టె లోపలి సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి. మంట చూసి ఏళ్ళయింది, ఇక అక్కర్లేదు అనుకుంటే లైసెన్సున్న ప్లంబర్ చేత గ్యాస్ లైన్ మూయించి, లాగ్స్ తీయించి, చిమ్నీని సరిగ్గా మూయించండి. అన్నిటికన్నా చవక, ఫలితం పూర్తిగా ఉంటుంది. రెండోది గ్లాస్ డోర్లు. ఫ్యాక్టరీ పెట్టెలకి ఆ మోడల్‌కి పరీక్షించి ఆమోదించిన తలుపులే పెట్టాలి, స్టోర్‌లో కొలత సరిపోయిందని కొనకూడదు. మంట వెలుగుతున్నప్పుడు మామూలు టెంపర్డ్ గ్లాస్ తలుపులు తెరిచి ఉంచమని చాలా తయారీదారులు చెప్తారు. పైగా అవి గాలిని తగ్గిస్తాయి గానీ ఆపవు. మూడోది డైరెక్ట్ వెంట్ గ్యాస్ ఇన్సర్ట్, అంటే పాత పొయ్యిలో కూర్చోబెట్టే మూసిన గ్యాస్ పొయ్యి. ముందు సీల్ చేసిన గాజు ఉంటుంది. ఉన్న చిమ్నీలోంచే రెండు సన్న గొట్టాలు దించుతారు, ఒకటి బయటిగాలి తెస్తుంది, ఒకటి పొగ తీసుకెళ్తుంది. గదిలో గాలితో దానికి సంబంధమే లేదు. మీ ఇంటికి, పెద్దవాళ్ళు వచ్చిపోతూ ఉండే కుటుంబానికి నేను దీన్నే ఇష్టపడతాను, ఎందుకంటే మంట నిజంగా గదిని వేడి చేస్తుంది. ఖర్చు కొన్ని వేల డాలర్లు, అది తక్కువేం కాదు. ఆ గాజు బాగా కాలుతుంది. 2015 నుంచి తయారైన వాటికి ముందు రక్షణ జాలీ ఇస్తున్నారు, పిల్లలున్నప్పుడు దాన్ని తీయకండి. మీ పాత లాగ్స్ పైలట్ ఎప్పుడూ వెలుగుతూ ఉంటే, గంటకి 800 బీటీయూ లెక్కన నెలకి దగ్గర దగ్గర 6 థెర్మ్‌లు (గ్యాస్ బిల్లులో లెక్కేసే కొలత) ఊరికే పోతున్నాయి, అది కూడా లెక్కలో వేసుకోండి.

ఇటుకల ఫైర్‌ప్లేస్ ఉన్నవాళ్ళకి రెండు మాటలు, ఇది చదివేవాళ్ళలో పాత ఇళ్ళ వాళ్ళూ ఉంటారు కాబట్టి. కట్టెలే కాలుస్తుంటే చిమ్నీ నెత్తిన సిలికోన్ గాస్కెట్‌తో బిగిసే టాప్ డ్యాంపర్ పెట్టించండి. లోపలి పాత ఇనుప డ్యాంపర్ వేడికి వంకరపోయి ఎప్పుడూ పూర్తిగా మూసుకోదు. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం ఎగసిపడే మంట గంటకి 24,000 ఘనపుటడుగుల దాకా ఇంటి గాలిని పైకి పంపగలదు, కాబట్టి వేడి కోసం మాత్రం దాని మీద ఆధారపడకండి. బూడిద పూర్తిగా చల్లారాకే డ్యాంపర్ మూయాలి, బూడిద కింద నిప్పు రోజుల తరబడి ఉండొచ్చు. ఫైర్‌బాక్స్ నేలలో ఉండే బూడిద తలుపునీ, బయట గోడ అడుగున ఉండే శుభ్రం చేసే చిన్న తలుపునీ చూడండి, ఆ రెండింటి మధ్య సొరంగం చల్లగాలికి రాజమార్గం. ఆటిక్‌లో ఇటుకకీ చెక్కకీ మధ్య 2 అంగుళాల ఖాళీ ఉంటుంది. దాన్ని రేకు ముక్కలతో, వేడికి తట్టుకునే సీలెంట్‌తో మూయాలి, గుడ్డలతో, ఫోమ్‌తో కాదు.

ఏది చేసినా ముందు సర్టిఫికెట్ ఉన్న చిమ్నీ స్వీప్‌ని (చిమ్నీ శుభ్రం చేసి పరీక్షించే వాళ్ళని) పిలిచి ఒకసారి చూపించుకోండి, ఏడాదికోసారి ఎలాగూ చూపించాలి. మీ కరెంటు కంపెనీ కామ్‌ఎడ్ వాళ్ళ ఎనర్జీ అసెస్‌మెంట్ గురించి కూడా అడిగి, అందులో బ్లోవర్ డోర్ టెస్టు ఉంటుందో లేదో కనుక్కోండి.

ఫైర్‌బాక్స్ లోపల, జాలీ వెనకో పక్క గోడ మీదో చిన్న లోహపు ప్లేటు ఉంటుంది, దాని మీద కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉంటాయి. టార్చి వేసి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. దానితో పాటు అగరుబత్తి పొగ ఎక్కడెక్కడ వంగిందో ఆ టేపు ముక్కల ఫోటో, వీలైతే బయటి చేజ్ అడుగు ఫోటో. అవి చూశాక గొట్టం చుట్టూ ఎంత ఖాళీ వదలాలో, ఏ తలుపులు, ఏ ఇన్సర్ట్ ఆ పెట్టెకి పనికొస్తాయో చెప్తాను.